తప్పును బండమీద చెక్కించిన రాజు – అశోకుడు



వార్షికోత్సవ సంచిక కోసం ఎవరైనా గొప్ప వ్యక్తి జీవిత చరిత్ర రాసివ్వమని కమిటీ వాళ్లు మమ్మల్ని అడిగారు. మేము అశోక చక్రవర్తిని ఎంచుకున్నాం. అశోకుడు ఎవరో తెలియనివాళ్లు మన హాస్టల్లో ఉండరు. రోడ్లకు ఇరుపక్కలా చెట్లు నాటించాడని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. మన జెండా మధ్యలో ఉన్న చక్రం ఆయనదే. రూపాయి బిళ్ల మీది సింహాల గుర్తు ఆయనదే. కానీ ఆ చెట్లు ఎందుకు నాటించాడని అప్పుడు మేము అడగలేదు. నలభైకి దగ్గరపడిన ఈ వయసులో అడగవలసి వచ్చింది. దానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పి తర్వాత చరిత్రలోకి వెళ్తాం.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మాలో ఒకడి పెట్టెలో పరీక్ష ఫీజు డబ్బులు కనిపించలేదు. ఆ ఏడే కొత్తగా చేరిన ఎనిమిదో తరగతి పిల్లవాడి మీద మాకు అనుమానం వచ్చింది. అనుమానానికి ఆధారం ఏమీ లేదు. వాడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు, వాడి పెట్టెకు తాళం ఉండేది కాదు, అంతే. అందరి ముందు వాడి పెట్టె బోర్లించాం. రాత్రంతా వరండాలో నిలబెట్టాం. తెల్లవారుజామున బాయి సైరన్ మోగేదాకా వాడు అట్లాగే నిలబడ్డాడు. నాలుగు రోజుల తర్వాత వాళ్ల నాయన వచ్చి తీసుకుపోయాడు. వాడు మళ్లీ హాస్టల్‌కు రాలేదు. నెల తిరగకముందే ఆ డబ్బులు మా వాడి స్కూలు బ్యాగు చిరిగిన అంచులోనే దొరికాయి. ఆ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు.

నిరుడు మా బ్యాచ్ వాళ్లం గోదావరి ఒడ్డున కలిసినప్పుడు ఈ మాట బయటికి వచ్చింది. మాలో చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు, పంచశీల తీసుకున్నవాళ్లు ఉన్నారు. చర్చికి వెళ్లే మిత్రుడు తాను ఆ పాపాన్ని ఎప్పుడో ప్రభువు ముందు ఒప్పుకున్నానని, క్షమాపణ దొరికిందని అన్నాడు. పంచశీల తీసుకున్న మిత్రుడు చేసిన పనిని ఎవరూ క్షమించి చెరపలేరని, ఇకముందు మంచి పనులు చేయడమే దారి అని అన్నాడు. ఇద్దరూ మనస్ఫూర్తిగానే చెప్పారు. కానీ ఇద్దరి మాటల్లోనూ ఆ పిల్లవాడు లేడు. ఆ రాత్రి నుంచి మేము చదువుకుంటూ పోతే చేరిన చోటు అశోకుడి జీవితం.

రాజ్యానికి వచ్చిన దారి

అశోకుడు మౌర్య వంశస్థుడు. చంద్రగుప్త మౌర్యుడికి మనవడు, బిందుసారుడికి కొడుకు. పాటలీపుత్రం, అంటే నేటి పాట్నా, ఆయన రాజధాని. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం జరిగిందని చరిత్రకారులు లెక్కగట్టారు. సింహాసనం కోసం తొంభై తొమ్మిది మంది అన్నదమ్ములను చంపించాడని సింహళ దేశపు బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. దీన్ని అట్లాగే నమ్మలేం. ఎందుకంటే పట్టాభిషేకమై పదమూడేళ్లు గడిచాక వేయించిన శాసనంలో ఆయన తన అన్నదమ్ముల, అక్కాచెల్లెళ్ల ఇళ్లను గురించి ప్రస్తావించాడు. అశోకావదానం అనే సంస్కృత గ్రంథం ఆయన మొదట్లో చండాశోకుడని, నరకం లాంటి చెరసాల కట్టించి మనుషులను హింసించాడని చెబుతుంది. ఆయన మారిన తీరును గొప్పగా చూపించడానికి వెనుకటి రోజులను మరింత నల్లగా చూపించారేమో. అయితే ఒక తప్పు మాత్రం కథ కాదు. అది ఆయన స్వయంగా ఒప్పుకున్నది.

కళింగ

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతంలో, అశోకుడు కళింగ మీదికి దండెత్తాడు. కళింగ అంటే నేటి ఒడిశా తీరం, దానికి ఆనుకొని ఉత్తరాంధ్ర. ఆ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షా యాభై వేల మందిని బందీలుగా తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది తర్వాత చనిపోయారని అశోకుడే తన పదమూడో శిలాశాసనంలో లెక్క చెప్పాడు. గెలిచిన రాజులు సాధారణంగా తమ గెలుపును చెక్కిస్తారు. ఈయన శవాల లెక్క చెక్కించాడు. చనిపోయినవాళ్లను గురించే కాదు, బతికి ఉండి తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల బాధ కూడా తనకు బరువుగా ఉందని చెప్పాడు. అందులో నూరో వంతు, వెయ్యో వంతు మంది మళ్లీ అట్లా బాధపడినా తనకు దుఃఖమేనన్నాడు.

ఈ శాసనం ఎక్కడో ఉత్తరాదిలో మాత్రమే ఉందనుకోవద్దు. కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీది బండలపైనా ఉంది. అందులో ధర్మాన్ని అనుసరిస్తున్న జనాల పేర్లలో ఆంధ్రుల పేరు కూడా కనిపిస్తుంది. మన పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం బయటపడిన సంగతి మీకు తెలుసు. బుద్ధుడి మాట మన ప్రాంతానికి పరాయిది కాదు.

బౌద్ధంలో తప్పుకు ఏమిటి దారి?

అశోకుడు ఉపాసకుడయ్యాడు. మొదటి ఏడాది తాను పెద్దగా శ్రద్ధ చూపలేదని, తర్వాతే సంఘానికి దగ్గరై గట్టిగా పాటుపడ్డానని కూడా ఆయనే రాయించాడు. మరి అంత పెద్ద తప్పు చేసిన మనిషికి బౌద్ధం ఏమి చెబుతుంది?

బౌద్ధంలో పాపాలను క్షమించి కొట్టివేసే దేవుడు లేడు. చేసిన పనికి ఫలితం ఉంటుంది. బుద్ధుడు దారి చూపిస్తాడు, నడవవలసింది మనమే. అంగుళిమాలుడి కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఎంతోమందిని చంపి వేళ్లను దండగా వేసుకున్న దొంగ అతను. బుద్ధుని మాటతో మారి భిక్షువయ్యాడు. ఒకరోజు భిక్షకు వెళ్తే రాళ్లు, కర్రలు వచ్చి తగిలాయి. తల పగిలి, పాత్ర పగిలి, నెత్తురు కారుతూ తిరిగి వచ్చాడు. బుద్ధుడు ఆ గాయాలను మాయం చేయలేదు. చేసిన పనుల ఫలితమే ఇది, ఓర్చుకోమన్నాడు. మారిన మనిషే, అయినా దెబ్బలు తప్పలేదు.

తండ్రిని చంపిన అజాతశత్రువు కూడా బుద్ధుని దగ్గరికి వచ్చి తప్పు ఒప్పుకున్నాడు. తప్పును తప్పుగా చూసి, ఇకముందు చేయకుండా ఉండేవాడికి ఎదుగుదల ఉందని బుద్ధుడు అతని ఒప్పుకోలును స్వీకరించాడు. కానీ అతను వెళ్లాక, ఆ హత్య చేయకపోయి ఉంటే ఈరోజే అతనికి ధర్మనేత్రం తెరుచుకునేదని భిక్షువులతో చెప్పాడు. స్వీకరించడం వేరు, చెరిపివేయడం వేరు.

అయితే బౌద్ధం మనిషిని నిరాశలో వదిలేయదు. బుద్ధుడు ఉప్పు ముద్ద పోలిక చెప్పాడు. ఆ ముద్దను చిన్న గిన్నెడు నీళ్లలో వేస్తే తాగలేం, గంగలో వేస్తే రుచి కూడా తెలియదు. మన లెక్కలో గోదావరి అనుకోండి. ఉప్పు అంతే, నీళ్లు పెరిగాయి. మంచితనంతో మనసును నదిలా పెంచుకున్నవాడికి పాత తప్పు బరువు తగ్గుతుంది. క్షమ అనే మాట బౌద్ధంలో ఎక్కువగా వినిపించేది బాధపడినవాడి వైపు నుంచి. అతను పగను మనసులో పెట్టుకోకుండా వదిలేయాలి. అది అతని మనసుకు మంచిది. తప్పు చేసినవాడి ఖాతా మాత్రం తప్పు చేసినవాడిదే.

క్రైస్తవంలో తప్పుకు ఏమిటి దారి?

యేసు పుట్టేనాటికి అశోకుడు చనిపోయి రెండు వందల ఏళ్లు దాటింది. కాబట్టి ఆ దారి ఆయన ఎరగడు. కానీ మన హాస్టల్లో ఆదివారం చర్చికి వెళ్లే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

క్రైస్తవంలో పాపం ముందుగా దేవుని పట్ల చేసిన తప్పు. మనిషి తన పుణ్యంతో ఆ అప్పు తీర్చుకోలేడు. యేసు సిలువ మరణం వల్ల దేవుడు కృపతో క్షమిస్తాడు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో ఆస్తి తగలేసి చినిగిన బట్టలతో వచ్చిన కొడుకును చూసి తండ్రి పరుగెత్తుకుంటూ ఎదురెళ్తాడు, విందు చేస్తాడు. సౌలు సంఘాన్ని హింసించినవాడు, స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతుంటే అక్కడే ఉన్నవాడు. అతనే పౌలై అపొస్తలుడయ్యాడు. అంగుళిమాలుడికి ఎదురొచ్చినవి రాళ్లు, తప్పిపోయిన కుమారునికి ఎదురొచ్చింది తండ్రి. రెండు మతాల తేడా ఈ రెండు కథల్లో తేలిగ్గా అర్థమవుతుంది.

కానీ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. దేవుని దగ్గర క్షమ పొందినవాడు తోటివాడిని క్షమించి తీరాలని యేసు చెప్పాడు. పెద్ద అప్పు మాఫీ చేయించుకొని, తనకు రావలసిన చిన్న అప్పు కోసం తోటి పనివాడి గొంతు పట్టుకున్న దాసుని కథ అందుకే చెప్పాడు. బలిపీఠం దగ్గర కానుక ఇస్తున్నప్పుడు, ఫలానా వ్యక్తికి నీ మీద కష్టం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. సుంకం వసూలు చేసే జక్కయ్య యేసు ముందు ఏడ్చి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. దేవుడు క్షమించాడు కదా అని బాధపడినవాడి ఇంటి ముందు నుంచి తల వంచుకొని పోవడానికి ఆ మతంలో వీలు లేదు.

అశోకుడు ఏం చేశాడు?

ఇప్పుడు మళ్లీ మన రాజు దగ్గరికి వద్దాం. క్షమించే దేవుడు లేని దారిలో ఆయన తన పశ్చాత్తాపాన్ని పనిగా మార్చాడు. తన వంటశాలలో కూర కోసం రోజూ లక్షల జీవాలను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింకకు తగ్గించానని, ఇకమీదట అవీ ఉండవని మొదటి శిలాశాసనంలో ప్రకటించాడు. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశాడు. మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడు. దారుల వెంట మర్రిచెట్లు పెట్టించాడు, మామిడి తోటలు వేయించాడు, బావులు తవ్వించాడు. మనం పరీక్షల్లో రాసిన చెట్లు ఇవే.

పట్టాభిషేకమైన పదమూడేళ్లకు ధర్మమహామాత్రులు అనే అధికారులను పెట్టాడు. చెరసాలలో ఉన్నవాళ్లలో పిల్లలు గలవాళ్లను, ముసలివాళ్లను గమనించి సాయం చేయడం వాళ్ల పనుల్లో ఒకటి. మరణశిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువు ఇచ్చాడు. ఇరవై ఆరేళ్లలో ఇరవై ఐదు సార్లు ఖైదీలను విడుదల చేశాడు. తన కొడుకులు, మనవలు కొత్త యుద్ధాల ఆలోచన చేయవద్దని రాయించాడు. ఇతరుల మతాన్ని గౌరవించమని, తన మతాన్ని పొగిడి ఎదుటివారి మతాన్ని కించపరిచేవాడు తన మతానికే చేటు చేస్తాడని పన్నెండో శాసనంలో చెప్పాడు.

మూడో స్తంభ శాసనంలోని విషయం మాకు బాగా తగిలింది. మనిషి తాను చేసిన మంచి పనిని చూసుకుంటాడు కానీ చెడ్డ పనిని చూసుకోడని, అట్లా చూసుకోవడం కష్టమని, అయినా కోపం, క్రౌర్యం, గర్వం, అసూయ తనను ఎటు తీసుకుపోతున్నాయో చూసుకోవాలని ఆయన చెప్పాడు. కళింగ తర్వాత ఎన్నో ఏళ్లకు రాయించిన మాట అది. ఆయన మరిచిపోలేదన్నమాట.

అశోకుడు చేయనిది

గొప్పవాళ్ల చరిత్రలో మంచి మాత్రమే రాయడం మనకు అలవాటు. కానీ అశోకుడు తన తప్పు తానే రాయించుకున్న మనిషి కనుక మిగిలినదీ రాయవచ్చు.

కళింగను ఆయన తిరిగి ఇవ్వలేదు. బందీలుగా తరలించిన లక్షా యాభై వేల మందిని ఇళ్లకు పంపినట్టు ఏ శాసనంలోనూ లేదు. మరణశిక్షను ఎత్తివేయలేదు. పశ్చాత్తాపం చెప్పిన పదమూడో శాసనంలోనే, తనకు తప్పు చేసినవాడినైనా క్షమించదగినంత వరకు క్షమించాలన్నాడు. అదే చోట అడవుల్లో ఉండే జనాలను, పశ్చాత్తాపపడుతున్నా తనకు బలం ఉందని గుర్తుంచుకోండని హెచ్చరించాడు.

అన్నిటికంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. కళింగలోనే, అంటే భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో, గంజాం జిల్లా జౌగడలో ఆయన శాసనాలు చెక్కించాడు. అక్కడ ఈ పదమూడో శాసనం లేదు! ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది. బాధపడిన కళింగ ప్రజలు చూసే బండమీద మాత్రం లేదు. దాని స్థానంలో వేరే శాసనాలు ఉన్నాయి. ప్రజలంతా తన బిడ్డలేనని, అధికారులు ఎవరినీ అకారణంగా బంధించవద్దని, హింసించవద్దని, దీన్ని తనిఖీ చేయడానికి ఐదేళ్లకోసారి అధికారిని పంపుతానని అందులో ఉంది. సరిహద్దు జనాలకు మాత్రం, భయపడవద్దని, క్షమించదగినంత వరకు రాజు క్షమిస్తాడని చెప్పించాడు. మంచి పాలనే. కానీ చూడండి, అక్కడ క్షమించేవాడి స్థానంలో రాజే ఉన్నాడు. తప్పు చేసింది తానని ఊరంతటికీ చెప్పి, ఆ ఇంటివాళ్లకు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆయన రాయలేదు. మానిన పుండును కెలకడం ఎందుకనుకున్నాడేమో, ఏలుతున్న చోట తల వంచడం రాజుకు కష్టమైందేమో. మా సంగతి మాకు తెలుసు కనుక మాకు రెండోదే నిజమనిపిస్తుంది.

చివరి రోజులు

అశోకావదానంలో ఆయన కొడుకు కుణాలుని కథ ఉంది. ఇది చరిత్ర కాదు, గాథ. సవతి తల్లి తిష్యరక్షిత కుట్ర వల్ల కుణాలుడు కళ్లు పోగొట్టుకున్నాడు. నిజం తెలిశాక కుణాలుడు ఆమె మీద తనకు కోపం లేదన్నాడు, ఆమెను వదిలేయమని తండ్రిని వేడుకున్నాడు. ఆ సత్యబలంతో అతనికి కళ్లు తిరిగి వచ్చాయంటారు. అశోకుడు మాత్రం క్షమించలేదు, ఆమెను లక్క ఇంట్లో కాల్పించాడు. ధర్మాశోకుడని కీర్తించే గ్రంథమే ఇది చెప్పడం విశేషం. దెబ్బ తిన్నవాడు క్షమించాడు, అధికారం ఉన్నవాడు క్షమించలేకపోయాడు. అదే గ్రంథం ప్రకారం చివరికి ఆయన దగ్గర మిగిలింది సగం ఉసిరికాయ. దాన్నీ సంఘానికి దానం చేసి కన్నుమూశాడు. చరిత్రకారుల లెక్క ప్రకారం ఆయన మరణం క్రీ.పూ. 232 ప్రాంతం.

తర్వాత వందల ఏళ్లు ఆ లిపిని చదివేవాళ్లు లేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదవడంతో ఆ బండలకు మళ్లీ మాట వచ్చింది. 1956 అక్టోబర్ 14న అశోక విజయదశమి నాడు నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. మన గోడ మీది బుద్ధుని పటం వెనుక ఇంత చరిత్ర ఉంది.

మా మాట

ఓపెన్‌కాస్ట్‌లో తవ్విపోసిన మట్టి గుట్టల మీద చెట్లు పెంచడం మనం రోజూ చూస్తూనే ఉన్నాం. చెట్లు మంచివే, నీడ నిజమే. కానీ పక్కన గొయ్యి గొయ్యిగానే ఉంటుంది. అశోకుడి చెట్లు చదివినప్పుడు మాకు అదే గుర్తొచ్చింది. ఈ ఇరవై ఏళ్లలో మేమూ కొన్ని చెట్లు నాటాం. హాస్టల్‌కు ఫ్యాన్లు ఇచ్చాం, పేద తమ్ముళ్లకు ఫీజులు కట్టాం. ఆ పిల్లవాడి ఇంటికి మాత్రం పోలేదు.

మేము నేర్చుకున్నది ఇదీ. చేసిన పని చెరిగిపోదని బౌద్ధం చెబుతుంది, కాబట్టి జీవితమంతా మంచి చేయాలి. దేవుడు క్షమిస్తాడని క్రైస్తవం చెబుతుంది, కాబట్టి సిగ్గుతో దాక్కోకుండా బయటికి రావాలి. దారులు వేరు, ఒకటేనని మేము అనడం లేదు. కానీ బాధపడిన మనిషిని తప్పించుకొని పోవడానికి ఈ రెండింటిలో దేన్నీ అడ్డుగోడగా వాడుకోకూడదు.

ఈ సంవత్సరం సంక్రాంతి తర్వాత మేము ఐదుగురం అతని ఊరికి వెళ్లాం. చర్చికి వెళ్లే మిత్రుడు, పంచశీల మిత్రుడు ఇద్దరూ వచ్చారు. డబ్బులు ఎక్కడ దొరికాయో, ఎన్నాళ్లు దాచామో అన్నీ చెప్పాం. అతను మంచినీళ్లు ఇచ్చాడు, చాయ తాగించాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత చదువు సాగలేదని, వాళ్ల నాయన చనిపోయేదాకా కొడుకు దొంగతనం చేశాడేమోనని అనుమానపడుతూనే ఉన్నాడని చెప్పాడు. మా దగ్గర దానికి జవాబు లేదు. క్షమించానని అతను అనలేదు. మేమూ అడగలేదు, ఇవ్వడం ఇవ్వకపోవడం అతని ఇష్టం. ఒక్కటి మాత్రం కోరాడు. తనను నిలబెట్టింది హాస్టల్ అందరి ముందు కాబట్టి, నిజం కూడా హాస్టల్ అందరికీ తెలియాలన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు.

అందుకే ఇక్కడ రాస్తున్నాం. ఆ పిల్లవాడు డబ్బులు తీయలేదు. తప్పు మాది.

తమ్ముళ్లారా, రేపు మీ గదిలో ఏదైనా పోతే ఒకరి పెట్టె బోర్లించే ముందు మీ బ్యాగు అంచు చూసుకోండి. అయినా తప్పు జరిగితే ఎర్రగుడి దాకా పోవద్దు, ముందు కళింగకు పోండి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు